పిరానాకు ఎంత తొట్టి కావాలి?

దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతానికి చెందిన ఎర్రపొట్ట పిరానాకు, పిల్ల పరిమాణాన్ని చూసి తొట్టిని ఎంచుకోవడం పొరపాటు. వేలెడంత పిల్ల పెరిగి దాదాపు 30 సెంటీమీటర్లకు చేరుతుంది. ఇది గుంపుగా మెలిగే చేప. చోటు ఇరుకైతే తోటి చేపల తోకలు, రెక్కలనే కొరుకుతుంది.

150 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టిలో 540 లీటర్ల నీరు పడుతుంది. నాలుగైదు చేపలకు ఇది తగినది. నీటి బరువే అర టన్నుకు మించుతుంది కనుక, నేల దృఢత్వాన్ని ముందే పరిశీలించాలి. మాంసాహార వ్యర్థాల నుంచి వెలువడే అమ్మోనియా చేపలకు విషం. అందుచేత శక్తిమంతమైన ఫిల్టర్ తప్పనిసరి.

ఇంత తొట్టికి చోటు లేనివారు ఈ చేప జోలికి పోకపోవడమే మేలు. పెంచలేక చెరువులోనో కాలువలోనో వదిలితే స్థానిక జలచరాలకు ముప్పు వాటిల్లవచ్చు. అమెరికాలోని పలు రాష్ట్రాలు పిరానాల పెంపకాన్ని నిషేధించడానికి ఈ ముప్పే ఒక కారణం.