తీగ లాగితే... లైటు వెలిగింది!

1969 షెవర్లే కమారో. అమెరికాలో మజిల్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లను అడిగితే మొదట వినిపించే పేర్లలో ఇదొకటి. వీ8 ఇంజిన్ గర్జిస్తుంది, పెయింట్ అద్దంలా మెరుస్తుంది. రివర్స్ గేరు వేస్తే మాత్రం వెనక లైట్లు వెలగవు. ఇలాంటి కారు మీ చేతికొస్తే ఏం చేస్తారు? బల్బులు మారుస్తారా? స్విచ్ కొనమంటారా? లేక వైరింగ్ కిట్టే మార్చేద్దామంటారా?

కాస్త ఆగండి. పార్టులు మార్చుకుంటూ పోయే మెకానిక్‌కీ, లోపాన్ని పట్టుకునే మెకానిక్‌కీ తేడా తేలేది ఇక్కడే. ఈ కారుకు స్కానర్ తగిలించి కోడ్ చదవడానికి లేదు. మీ బుర్రే స్కానర్. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ చేస్తున్నవారికీ, అమెరికాలో ఏఎస్ఈ ఏ6 ఎలక్ట్రికల్ పరీక్ష రాయాలనుకునేవారికీ ఇంతకన్నా మంచి తొలి పాఠం ఉండదు. ఎందుకంటే సర్క్యూట్ చాలా చిన్నది.

తాళం ఆన్ చేయగానే ఫ్యూజ్ మీదుగా గులాబీ రంగు వైరులో కరెంటు రివర్స్ స్విచ్ దాకా వస్తుంది. గేరు రివర్స్‌లో పడితే స్విచ్ కలుస్తుంది. అక్కడి నుంచి లేత ఆకుపచ్చ వైరు వెనక్కి వెళ్లి రెండు బల్బులకు చేరుతుంది. మిగిలింది బాడీ ఎర్త్. ఇంతే! స్విచ్ ఉండే చోటు మాత్రం మోడల్‌ను, గేర్‌బాక్స్ రకాన్ని బట్టి మారుతుంది. అందుకే ఆ సంవత్సరం వైరింగ్ డయాగ్రమ్ ముందు పెట్టుకోండి.

టూల్ పట్టుకునే ముందు లక్షణం చూడండి. ఒక్క లైటే వెలగకపోతే బల్బు, సాకెట్, ఎర్త్ చూస్తే చాలు. రెండూ వెలగకపోతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి. రివర్స్ వేసిన ప్రతిసారీ ఫ్యూజ్ పోతుంటే ఆకుపచ్చ వైరు ఎక్కడో రేకుకు తగులుతోందన్నమాట. తలుపు గడప కింద, డిక్కీలో అంచుల దగ్గర ఒరుసుకుపోయిందేమో చూడండి.

రెండూ వెలగలేదనుకుందాం. ముందు నుంచి అంగుళం అంగుళం వెతకొద్దు, మధ్యలో కొట్టండి. మధ్య అంటే స్విచ్ కనెక్టర్. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. (పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న బండిని ఇలా ఎక్కువసేపు వదిలేస్తే కాయిల్ వేడెక్కిపోతుంది. దాని వైరు తీసి పక్కన పెట్టడం మేలు.) కనెక్టర్ ఊడదీసి గులాబీ వైరుకు టెస్ట్ ల్యాంప్ పెట్టండి. వెలగలేదా? లోపం ఫ్యూజ్ వైపే. వెలిగితే, ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరుతో గులాబీని ఆకుపచ్చకు కలపండి. వెనక లైట్లు వెలిగాయంటే స్విచ్‌దే తప్పు. అది పోయిందనే అనుకోనక్కర్లేదు, చాలాసార్లు సెట్టింగ్ జరిగి ఉంటుంది. అప్పటికీ వెలగకపోతే లోపం డిక్కీ వైపు. రెండు నిమిషాల్లో సగం కారును పక్కన పెట్టేశారు!

చాలామంది బోల్తా పడేది ఎర్త్ దగ్గర. మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం వెలగదు. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. 1156 బల్బుకు ఒక్కోదానికి సుమారు 2 ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన అతుకు మీటర్‌ను నమ్మిస్తుంది, బల్బును నమ్మించలేదు. అందుకే బల్బు సాకెట్లో ఉండగా, సర్క్యూట్ ఆన్‌లో ఉంచి, సాకెట్ లోహానికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజ్ కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ శుభ్రం చేయాల్సిందే.

50 ఏళ్లు దాటిన బండి కదా, రంగులను గుడ్డిగా నమ్మొద్దు. మధ్యలో ఎవరో తమకు దొరికిన వైరు ముక్క అతికి, టేపు చుట్టేసి ఉంటారు. టేపు ఉబ్బెత్తుగా కనిపిస్తే అక్కడ ఆగి చూడండి.

ఇది నేర్చుకోవడానికి కమారో అక్కర్లేదు. మన దగ్గరి మాన్యువల్ కార్లలో చాలావాటికి రివర్స్ స్విచ్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. వర్క్‌షాపులో పాత కారు ఉంటే సార్‌ని అడిగి, ఒక సాకెట్ ఎర్త్ ఊడదీసి మీ ఫ్రెండ్‌ను వెతకమనండి. తర్వాత మీ వంతు.