ఆర్‌వీ ఎక్కే ముందు నీళ్ల సంగతి చూశారా?

వేసవి సెలవులు రాగానే అమెరికాలోని మనవాళ్లలో చాలామంది ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరుతున్నారు. సొంతంగా కొనుక్కున్నవారూ ఉన్నారు. వంటిల్లు వెంటే ఉంటుంది కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పప్పన్నానికి లోటుండదు. బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు, గ్యాస్ అన్నీ చూసుకుంటాం. నీళ్ల పంపు, ఫిల్టర్ మాత్రం చాలాసార్లు గుర్తుకే రావు.

ఇంట్లో కుళాయికి వచ్చే నీటిని శుభ్రం చేసి పంపే బాధ్యత నగరపాలక సంస్థ చూసుకుంటుంది. ఆర్‌వీలో ఆ పని మనదే. నెలల తరబడి ట్యాంకులో నిలిచిన నీళ్లు పిల్లలో, పెద్దవాళ్లో తాగితే, ఆస్పత్రికి గంటల దూరంలో ఉన్న అడవిలో ఇబ్బంది పడేది మనమే. ఎల్లోస్టోన్ పార్కు లోపల ఆర్‌వీకి నేరుగా నీటి కనెక్షన్ ఇచ్చేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే. మిగతా క్యాంప్‌గ్రౌండ్లలో దిగితే మన ట్యాంకు, మన పంపే ఆధారం.

పంపు చప్పుడే చెబుతుంది

ఆర్‌వీలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న డయాఫ్రమ్ పంపు. సాధారణంగా నిమిషానికి 3 గ్యాలన్ల వరకు నీళ్లు ఇస్తుంది. కుళాయి తిప్పగానే పైపులో ఒత్తిడి తగ్గి దానంతటదే మొదలవుతుంది. కట్టేస్తే ఒత్తిడి పెరిగి ఆగిపోతుంది.

రాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా కాసేపటికోసారి పంపు టకటకమంటుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు కుళాయిలు, టాయిలెట్ వాల్వు, పైపుల జాయింట్లు చూడండి. అవి బాగానే ఉంటే పంపులోని చెక్ వాల్వు మీద అనుమానపడాలి. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి గొట్టం తగిలించినప్పుడు, మనం నింపకుండానే ట్యాంకు నిండి పొంగుతోందంటే తప్పు సాధారణంగా ఆ వాల్వుదే.

మన ఊళ్లో బోరు మోటారుకు వచ్చే సమస్య ఇక్కడా ఉంది. మోటారు తిరుగుతుంది, నీళ్లు రావు. ట్యాంకు ఖాళీ కాకపోతే పంపు ముందుండే స్ట్రైనర్ చూడండి. అది చిన్న గిన్నె, లోపల జాలీ. ట్యాంకులోని ప్లాస్టిక్ పొట్టు, మట్టి అక్కడే చేరతాయి. పంపు స్విచ్ ఆపి, కుళాయి తిప్పి ఒత్తిడి వదిలాక గిన్నె విప్పి జాలీ కడగండి. బిగించేటప్పుడు రబ్బరు రింగు సరిగా కూర్చోకపోతే గాలి లాగేసి పంపు నీటిని అందుకోదు. పంపు అసలు కదలకపోతే ముందు ఫ్యూజు, బ్యాటరీ చూడండి. బండి నడిపేటప్పుడు పంపు స్విచ్ ఆపేయడం మంచి అలవాటు. దారిలో పైపు ఊడినా ట్యాంకు నీళ్లన్నీ లోపల పారకుండా ఉంటాయి.

ఫిల్టర్‌కూ గడువు ఉంది

కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను, వాసనను తగ్గిస్తుంది. సూక్ష్మజీవులను మాత్రం చంపదు. అందుకే తాగునీటి బోర్డు ఉన్న కుళాయి నుంచే నీళ్లు పట్టండి. గొట్టానికి కట్టే ఫిల్టర్‌ను సుమారు మూడు నెలలకోసారి, లేదా కంపెనీ చెప్పిన గడువుకు మార్చండి. ధార సన్నబడినా, రుచి మారినా గడువు దాకా ఆగొద్దు. నిరుటి తడి ఫిల్టర్‌ను ఈ ఏడాది మళ్లీ వాడొద్దు.

కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో నీటి ఒత్తిడి ఆర్‌వీ పైపులు తట్టుకోలేనంత ఉంటుంది. కుళాయికి ముందు 40 నుంచి 50 పీఎస్ఐ ప్రెషర్ రెగ్యులేటర్, తర్వాత ఫిల్టర్, ఆ తర్వాత తాగునీటికి పనికొచ్చే గొట్టం. మురుగు ట్యాంకు కడిగే గొట్టాన్ని వీటి దగ్గరకు కూడా రానివ్వొద్దు.

సీజన్‌కోసారి శుద్ధి

సీజన్ మొదట్లో ట్యాంకును శుద్ధి చేయాలి. వాటర్ హీటర్ ఆపి, ఫిల్టర్ తీసి పక్కన పెట్టండి. ప్రతి 15 గ్యాలన్ల ట్యాంకుకు పావు కప్పు చొప్పున, సువాసనలేవీ కలపని మామూలు బ్లీచ్‌ను బకెట్ నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నింపండి. అంటే 45 గ్యాలన్ల ట్యాంకుకు ముప్పావు కప్పు. వేడి, చల్ల కుళాయిలన్నిటిలో బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, 12 గంటలు అలాగే ఉంచండి. తర్వాత ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడిగి, కొత్త ఫిల్టర్ పెట్టండి.

చలి రాష్ట్రాల్లో ఉన్నవారు మంచు పడేలోపే నీళ్లు తీసేయాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచించి పంపును, పైపులను పగలగొడుతుంది. ఫిల్టర్ తీసి, వాటర్ హీటర్‌ను ఖాళీ చేసి బైపాస్‌లో పెట్టి, ఆర్‌వీల కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్‌నే పంపుతో పైపుల్లోకి ఎక్కించండి. కార్లలో పోసేది విషం, దాన్ని వాడకూడదు.

అద్దెకు తీసుకునేవారు తాళాలు అందుకునే ముందే యజమానిని మూడు ప్రశ్నలు అడగండి. ట్యాంకు ఎప్పుడు శుద్ధి చేశారు? ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? పంపు ఎక్కడుంది, ఫ్యూజు ఎక్కడుంది? సరైన జవాబు రాకపోతే ట్యాంకు నీళ్లు గిన్నెలు కడగడానికి, స్నానాలకే ఉంచి, తాగడానికి, వంటకు విడిగా క్యాన్లు కొనుక్కోండి.