ఆర్‌సింక్

ఆర్‌సింక్ అనేది ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ఫైళ్ళను నకలు చేయు కమాండ్ లైన్ ఉపకరణము. దీనిని ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రూపొందించి 1996లో విడుదల చేసారు. నెట్‌వర్కు ద్వారా ఫైళ్ళలో మారిన భాగాలను మాత్రమే పంపుట దీని ప్రత్యేకత. అందువలన నెమ్మదైన ఇంటర్నెట్ గల ఊళ్ళలో కూడా ఇది ఉపయోగపడుతుంది.

దూరప్రాంతపు నకలు

సర్వరు ఉన్న చోటనే నకలును ఉంచుట సురక్షితము కాదు. 2009 అక్టోబరులో వచ్చిన వరదలకు తుంగభద్ర ఎడమ ఒడ్డున గల ఆలంపూర్, కుడి ఒడ్డున గల కర్నూలు రెండూ ముంపునకు గురయ్యాయి. కనుక ఆలంపూర్ లోని సర్వరుకు నకలు కర్నూలులో కాక, ఈ నదీతీరానికి దూరంగా హైదరాబాదు వంటి చోట ఉండవలెను.

జాగ్రత్తలు

* మొదట "-ఎన్" ఐచ్ఛికముతో నడపవలెను. ఏ ఫైళ్ళు మారనున్నవో చూపుతుంది, వేటినీ మార్చదు.
* మూల డైరెక్టరీ పేరు చివర ఏటవాలు గీత ఉంటే అందులోని ఫైళ్ళు మాత్రమే చేరుతాయి. లేనిచో ఆ పేరుతో డైరెక్టరీ కూడా ఏర్పడుతుంది.
* "--డిలీట్" ఐచ్ఛికము వాడితే, మూలములో పొరపాటున చెరిపిన ఫైలు నకలులో కూడా పోతుంది. కావున తేదీల వారీగా పాత నకళ్ళను దాచవలెను.
* నడుస్తున్న డేటాబేసు ఫైళ్ళను నేరుగా నకలు చేయరాదు. ముందుగా డంప్ తీసి, దానిని పంపవలెను.
* అప్పుడప్పుడు నకలు నుండి ఫైళ్ళను తిరిగి తెచ్చి పరీక్షించవలెను. పరీక్షించని నకలును నమ్మరాదు.