కెర్నెలునకు మాడ్యూలు చేర్చుట

కంప్యూటరునందు మనము వ్రాఁతలు, చిత్రములు, లెక్కలు దాఁచుకొనుచున్నాము. డిస్కుపై నవి యుండు నమరికకు ఫైలు వ్యవస్థ యని పేరు. దానిని జదువఁగలది యంత్రమున కధికారియైన కెర్నెలు. తానెఱుఁగని యమరికను జదువుటకుఁ గెర్నెలునకు మాడ్యూలను భాగమును జేర్పవలయును. ధాతువునకుఁ బ్రత్యయమువలె నిది దాని కతుకవలయును. ఏ కెర్నెలునకుఁ గూర్చిన మాడ్యూలు సాధారణముగా దానికే చెల్లును.

జెడ్.ఎఫ్.ఎస్. అను ఫైలు వ్యవస్థ నుదాహరణముగాఁ గొందము. సన్ మైక్రోసిస్టమ్స్ వారు దీనిని నిర్మించి, 2005వ సంవత్సరమున మూలరచనను వెల్లడించిరి. ప్రతి ఖండమునకును గుర్తుసంఖ్య వ్రాసి, చదువునప్పుడు సరిచూచుట దీని విశేషము. డిస్కున నొక్క యక్షరము మాఱినను బసికట్టును. వేఱొక ప్రతి యున్నచో దిద్దును. అయినను లైసెన్సుల నిబంధనలు పొసఁగవను కారణమున నిది లైనక్సు కెర్నెలునఁ జేరలేదు. కావున డెబియను వాడువారు మూలరచనను దెచ్చుకొని తమ యంత్రముననే మాడ్యూలును గూర్చుకొందురు.

ఈ పని ఆప్ట్ అను ప్యాకేజీ మేనేజరు చేసిపెట్టును. ముందుగా దాని పట్టికలోఁ గాంట్రిబ్ విభాగమును జేర్పుఁడు. పిదప నడచుచున్న కెర్నెలునకు సరియైన హెడరులను దెప్పింపుఁడు. కూర్పునకుఁ గొలతలు వానియందే కలవు. తరువాత జెడ్.ఎఫ్.ఎస్.-డీకేఎమ్ఎస్, జెడ్.ఎఫ్.ఎస్.యుటిల్స్-లైనక్స్ అను రెండు ప్యాకేజీలను గోరుఁడు. డీకేఎమ్ఎస్ మూలరచననుండి మాడ్యూలును గూర్చి నెలకొల్పును. కెర్నెలు మాఱినప్పుడెల్ల మరలఁ గూర్చు భారమును దానిదే. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రమున మాత్రము, మాడ్యూలుపై ముద్రవేసిన తాళపుచెవిని యజమానుఁడు నమోదు చేయనిచోఁ గెర్నెలు దానిని రానీయదు.

ఇఁక ముఖ్యవిషయము. క్రొత్త కెర్నెలు వచ్చినప్పుడు హెడరులు లేకున్నను, ఆ కెర్నెలు జెడ్.ఎఫ్.ఎస్. కంటె మఱీ క్రొత్తదైనను గూర్పు విఫలమగును. అంతట యంత్రమును దిరిగి లేపినచో దాఁచిన ఫైళ్లు కానరావు. పోయినవని తలఁచి డిస్కును ఫార్మాటు చేసినవారికే నిజమైన నష్టము. అవి డిస్కుపైఁ బదిలముగానే యున్నవి; చదువరి లేఁడు, అంతియే. బూటు పట్టికలోఁ బాత కెర్నెలు నెన్నుకొన్నచో మరల నగపడును. కాఁబట్టి పాత కెర్నెలును వెంటనే తొలఁగింపకుఁడు. యంత్రమును దిరిగి లేపుటకు ముందు డీకేఎమ్ఎస్ స్టేటస్ అను నాజ్ఞ నిచ్చి, క్రొత్త కెర్నెలునకు మాడ్యూలు నెలకొన్నదో లేదో చూచుకొనుఁడు. ఒక్క నిమిషపు పని. ఏండ్ల వ్రాఁతలు దక్కును.