చెస్ ఇంజిన్లకు 3600 రేటింగ్ ఎవరిస్తున్నారు? ఆ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలి?

2024లో వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2800 ఎలో రేటింగ్ దాటితే అది పెద్ద వార్త. కానీ ఫోన్‌లో ఫ్రీగా దొరికే స్టాక్‌ఫిష్ ఇంజిన్‌కి 3600 పైనే రేటింగ్ ఉందని చదివే ఉంటారు. మరి ఈ నంబర్ ఇచ్చింది ఎవరు? ఫిడే కాదు, ఏ కంపెనీ కూడా కాదు. సొంత పీసీలు, సొంత కరెంటుతో రాత్రీపగలూ ఇంజిన్ల మధ్య గేమ్‌లు నడిపించే వాలంటీర్లు.

ఎలా టెస్ట్ చేస్తారు?

ఇలాంటి లిస్టుల్లో బాగా పేరున్నది సీసీఆర్ఎల్. ఇందులో ఒక లిస్టుకి 40 ఎత్తులకు 15 నిమిషాల టైమ్. ఇది ఇంటెల్ ఐ7-4770కె ప్రాసెసర్ స్పీడ్ లెక్కన పెట్టింది. టెస్టర్ ముందుగా తన పీసీలో బెంచ్‌మార్క్ రన్ చేస్తాడు. పీసీ ఇంకా ఫాస్ట్ అయితే టైమ్ తగ్గిస్తాడు, స్లో అయితే పెంచుతాడు. ప్రత్యర్థి టైమ్‌లో ఇంజిన్ ఆలోచించకూడదు. ఏ ఇంజిన్‌కీ తన సొంత ఓపెనింగ్ బుక్ ఉండదు. ఆడిన గేమ్‌లన్నీ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని చెక్ చేసుకోవచ్చు.

ఇన్ని గేమ్‌లు ఎందుకు?

100 పాయింట్ల తేడా ఉంటే బలమైన ఇంజిన్‌కి దాదాపు 64 శాతం స్కోర్ వస్తుంది. తేడా 10 పాయింట్లే అయితే 51 శాతం పైచిలుకు, అంతే! 100 గేమ్‌లలో ఇంత చిన్న తేడా అదృష్టంలో కలిసిపోతుంది. పైగా పొరపాటు అవకాశాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్ల గేమ్‌లు కావాలి. అందుకే లిస్టులో రేటింగ్ పక్కన ప్లస్, మైనస్ అంకెలు కూడా ఉంటాయి. వాటిని చూడకుండా ఎవరు నంబర్ వన్ అని తేల్చేయకండి.

ఆల్ఫాజీరో నేర్పిన పాఠం

2017 డిసెంబర్‌లో డీప్‌మైండ్ తన ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్ 8తో 100 గేమ్‌లు ఆడి 28 గెలిచిందని, 72 డ్రా చేసిందని, ఒక్కటీ ఓడలేదని ప్రకటించింది. చెస్ ప్రపంచం అదిరిపోయింది. కానీ స్టాక్‌ఫిష్‌కి ఇచ్చిన హ్యాష్ మెమరీ 1 జీబీ మాత్రమే, టైమ్ ఎత్తుకి సరిగ్గా నిమిషం. దీనిపై విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాది డీప్‌మైండ్ సెట్టింగ్స్ మార్చి 1000 గేమ్‌లు ఆడించింది, ఆల్ఫాజీరోనే గెలిచింది. అయినా ఆ ప్రోగ్రామ్ బయటికి రాలేదు కాబట్టి వాలంటీర్లు దాన్ని టెస్ట్ చేయలేకపోయారు.

అదే పద్ధతిలో వాలంటీర్లు తయారుచేసిన ఓపెన్ సోర్స్ ఇంజిన్ లీలా చెస్ జీరో. 2019లో టీసీఈసీ 15వ సీజన్ ఫైనల్లో స్టాక్‌ఫిష్‌ని ఓడించింది. ఆ గేమ్‌లు అందరూ లైవ్‌లో చూశారు. న్యూరల్ నెట్‌వర్క్ సత్తా ఏంటో అప్పుడు అందరి ముందూ తేలింది.

చివరిగా ఒక మాట: 3600లోంచి 2800 తీసేసి 800 తేడా అనుకోవద్దు. ఇంజిన్లు ఇంజిన్లతోనే ఆడి తెచ్చుకున్న రేటింగ్ అది, మనుషుల లిస్టు వేరు. ఫోన్ బెంచ్‌మార్క్‌కైనా ఇదే సూత్రం. స్కోర్ ఎంత అని అడిగే ముందు, ఎవరు, ఏ సెట్టింగ్స్‌లో టెస్ట్ చేశారో అడగండి.