ఇంటికప్పుపై సౌర విద్యుత్తు - లెక్క చూసి దిగండి



డాబా మీద సౌర పలకలు పెట్టిస్తే గిట్టుబాటవుతుందా అన్న ప్రశ్న మోత్కూర్ వంటి మెట్ట ప్రాంతపు సభ్యులకు సహజంగానే కలుగుతుంది. ఎండకు మనకు కొదవ లేదు. కాని గేదెను కొనేటప్పుడు ఎన్నో ఈత, పూటకు ఎన్ని లీటర్లు, దాణా ఖర్చెంత అని విచారించినట్లే దీనికీ విచారణ అవసరం.

రాబడి: 1 కిలోవాటు పలకలకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి. మబ్బు రోజుల్లో తగ్గుతాయి. ఈ లెక్కన 2 కిలోవాట్లకు ఏడాదికి సుమారు 2,900 యూనిట్లు.

ఖర్చు: 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద కేంద్ర రాయితీ 1 కిలోవాటుకు రూ. 30,000, 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ. 78,000. ఇది పలకలు బిగించి కరెంటు మొదలైన తరువాతనే బ్యాంకు ఖాతాలో పడుతుంది. కనుక ముందు మొత్తం సొమ్ము మనమే సమకూర్చుకోవాలి.

ఉదాహరణకు 2 కిలోవాట్లకు రూ. 1,40,000 అడిగారనుకుందాం. రాయితీ పోగా మన వాటా రూ. 80,000. యూనిట్‌కు రూ. 5 మిగిలితే ఏడాదికి రూ. 14,500. అంటే పెట్టుబడి తిరిగి రావడానికి సుమారు ఐదున్నరేళ్లు. అప్పు చేస్తే వడ్డీ అదనం. పలకలు 25 ఏళ్లు పనిచేసినా, ఇన్వర్టర్‌ను సుమారు పదేళ్లకు మార్చవలసి రావచ్చు.

అసలు కీలకం ఇక్కడున్నది. 2024 మార్చి నుండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు సున్నా బిల్లు వస్తున్నది. అట్టి ఇంటికి తగ్గించుకోవడానికి బిల్లే లేదు. మిగులు యూనిట్లకు విద్యుత్ సంస్థ కట్టే ధర ఒక్కటే లాభం. బావి మోటారుకు ఉచిత కరెంటే కనుక దానినీ ఈ లెక్కలో చేర్చరాదు. నెలనెలా బిల్లు కడుతూ, పగటిపూట గడ్డి కోసే యంత్రం తిప్పే ఇంటికి మాత్రం మేలు ఎక్కువ.

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025 నాటికి ఎక్కువ ఇళ్ల మీద 3 కిలోవాట్ల పలకలు వచ్చాయి. అయితే అక్కడ రాయితీకి తోడు ఒక కంపెనీ సామాజిక సేవా నిధులు కూడా ఖర్చు భరించాయి. సొంత డబ్బు పెట్టేవారు ఆ ఊరితో పోల్చుకోరాదు.

సంఘ భవనాలకు: ఈ రాయితీ ఇళ్లకే గాని సంఘ భవనాలకు లేదు. పాలు ఉదయం, సాయంత్రం వస్తాయి. ఎండ మధ్యాహ్నం కాస్తుంది. పైగా బ్యాటరీ లేని పలకలు, లైన్‌లో కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ల భద్రత కోసం తమంతట తామే ఆగిపోతాయి. కావున పాలు చల్లబరిచే కేంద్రంలో పలకలున్నా జనరేటర్ ఉండవలసిందే.

సంతకం చేసే ముందు:
1. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకొని, కట్టిన సొమ్మును యూనిట్లతో భాగించండి.
2. మిగులు యూనిట్ ధరను విద్యుత్ కార్యాలయంలో అడగండి.
3. ఇద్దరు ముగ్గురి వద్ద ధరలు రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్వర్టర్ హామీ ఎన్నేళ్లో రాయించండి.
4. వేపచెట్టు నీడ, కోతుల బెడద చూసుకోండి. దుమ్ము కడిగే పని ఎవరిదో ఇంట్లో నిర్ణయించుకోండి.

ఈ లెక్క వేసిన తరువాత గిట్టదని తేలితే ఆగడంలో నష్టం లేదు. ఆ సొమ్ముతో మరో పాడి గేదె వస్తుందేమో కూడా ఆలోచించండి.