నిండేదాకా ఆగకూడని తొట్టి

ఇంట్లో మనం వాడుకునే యంత్రాల్లో సెప్టిక్ ట్యాంకుకు కదిలే భాగం ఒక్కటీ లేదు. కరెంటు అడగదు, చప్పుడు చేయదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. అందుకే దాని మీద స్లాబు వేస్తాం, స్లాబు మీద బండలు పరుస్తాం, బండల మీద స్కూటరు నిలుపుతాం, ఆ తర్వాత మూత ఎక్కడుందో కూడా మరిచిపోతాం. మళ్లీ అది గుర్తొచ్చేది మరుగుదొడ్డిలో నీళ్లు వెనక్కి తన్నినప్పుడే. దీన్ని ఇంటివాళ్ల నిర్లక్ష్యమని తీసిపారేయడం తేలికే కానీ, అసలు కారణం ఇంకా వెనక ఉంది. ఈ యంత్రం పుట్టినప్పుడే దానితోపాటు ఒక అపోహ కూడా పుట్టింది. లోపల పడినదంతా తనంత తానే కరిగిపోతుందని, ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదని అనుకున్నారు. నూటనలభై ఏళ్లు దాటినా ఆ అపోహ మన పెరళ్లలో చెక్కుచెదరకుండా ఉంది.

ఫ్రాన్సులోని వెజూల్ పట్టణంలో జాన్ లూయీ మురాస్ అనే ఆయన 1860 ప్రాంతంలో ఒక ఇంటి మురుగు కోసం గాలి చొరబడని కట్టుబడి తొట్టి కట్టించాడు. సుమారు పన్నెండేళ్ల తర్వాత తెరిచి చూస్తే, మలంతో నిండి ఉంటుందనుకున్న తొట్టిలో గట్టి పదార్థం దాదాపు లేనేలేదు. మ్వాన్యో అనే విజ్ఞానవేత్త, మతాచార్యుడు తోడై దాన్ని పరిశీలించాడు. 1881లో మురాస్ పేటెంటు పొందాడు, తనంత తానే శుభ్రమయ్యే తొట్టిగా అది పత్రికల్లోకి ఎక్కింది. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర సర్వేయరు డోనల్డ్ కామెరాన్ 1895లో అలాంటిదే పెద్ద ఎత్తున కట్టి, దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. కుళ్లబెట్టేది అని అర్థమున్న గ్రీకు మాట అది. మనం పుండు సెప్టిక్ అయిందనేది కూడా ఆ మాటతోనే. ఆ ట్యాంకులో పుట్టిన వాయువుతో ఎక్సెటర్‌లో దీపాలు వెలిగించారు. కుళ్లడాన్ని శత్రువుగా చూసిన కాలంలో దాన్ని పనివాడిగా మార్చుకోవడం నిజంగా గొప్ప ఊహ. అయితే అంతా కరిగిపోతుందన్న మాట పరీక్షకు నిలవలేదు. మురుగు శుద్ధిపై బ్రిటన్ నియమించిన రాయల్ కమిషన్, ట్యాంకులో మడ్డి మొత్తం మాయమవుతుందన్న తొలి ప్రచారాన్ని ఒప్పుకోలేదు. జర్మనీలో కార్ల్ ఇమ్‌హాఫ్ 1906లో రెండంతస్తుల ట్యాంకు రూపొందించింది కూడా మడ్డికి వేరే చోటు చూపించడానికే. మాయమయ్యేదైతే దానికి చోటెందుకు?

లోపల జరిగే పని చూస్తే కారణం తెలుస్తుంది. ట్యాంకు చేసే మొదటి పని కరిగించడం కాదు, నిలవనివ్వడం. పైపులో వేగంగా వచ్చిన మురుగు అక్కడ ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంటే బరువైనది అడుగుకు దిగి మడ్డి అవుతుంది, నూనె, సబ్బు జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి, నడుమ కాస్త తేరిన నీరు మిగులుతుంది. బయటికి పోయే చోట కిందికి వంచిన టీ పైపు పెట్టేది ఆ నడిమి నీటిని మాత్రమే పోనివ్వడానికి. నడుమ అడ్డుగోడ కట్టి రెండు గదులు చేసేది మొదటి గదిలోని అలజడి రెండో దానికి తగలకూడదని. కరిగించే పని ఆ తర్వాతిది. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మడ్డిలోని సేంద్రియ పదార్థాన్ని తిని మీథేను, కార్బన్ డయాక్సైడు, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. కానీ అవి ఇసుకను తినలేవు, వెంట్రుకలను తినలేవు, పీచును పూర్తిగా అరిగించుకోలేవు, ప్లాస్టిక్‌ను ముట్టవు. పైగా చచ్చిన సూక్ష్మజీవులే మళ్లీ అడుగున చేరతాయి. అందుకే ఇంజినీర్లు లెక్క వేసేటప్పుడు, కుళ్లగా కుళ్లగా మనిషికి ఏడాదికి దాదాపు 40 నుంచి 70 లీటర్ల మడ్డి మిగులుతుందని పెట్టుకుంటారు. ఐదుగురున్న ఇంట్లో అది ఏడాదికి 200 నుంచి 350 లీటర్లు. ట్యాంకులో నీరు నిలిచే చోటు 3,000 లీటర్లు ఉంటే, మూడో వంతు, అంటే 1,000 లీటర్లు, మడ్డి కింద పోవడానికి మూడు నుంచి ఐదేళ్లు చాలు. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్లవాళ్లకు చెప్పే గడువు కూడా మూడు నుంచి ఐదేళ్లే. లెక్క ఎటునుంచి వేసినా అక్కడికే వస్తున్నాం.

ఇక్కడే మన మాటల్లోని పొరపాటు ఒకటి సరిచేసుకోవాలి. "ట్యాంకు నిండితే చూద్దాం" అంటాం. సరిగ్గా కట్టిన సెప్టిక్ ట్యాంకు వాడుక మొదలైన కొద్ది వారాల్లోనే బయటి పైపు మట్టానికి నిండుతుంది, ఆపైన ఎప్పుడూ నిండే ఉంటుంది. ఎంత వస్తే అంత బయటికి పోవడమే దాని పని. నిండేది నీటితో కాదు, మడ్డితో. మడ్డి పెరిగే కొద్దీ నీరు నిలిచే చోటు తగ్గుతుంది, రెండు రోజులు ఆగాల్సిన మురుగు కొన్ని గంటల్లోనే దాటిపోతుంది, దిగాల్సిన గట్టి పదార్థం దిగకుండానే ఇంకుడు గుంతలోకి చేరుతుంది. అక్కడి మట్టి రంధ్రాలు జిడ్డుతో పూడుకుపోతే నీరు ఇంకదు. అప్పుడు గాని ఇంట్లో ఎవరికీ తెలియదు. అంటే వెనక్కి తన్నడం మొదటి హెచ్చరిక కాదు, ఆఖరి దశ. ట్యాంకును ఒక పూటలో ఖాళీ చేయించవచ్చు గానీ, పూడుకుపోయిన ఇంకుడు గుంతను బాగు చేయడం చాలాసార్లు కొత్తది తవ్వడమే అవుతుంది.

"మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా తీయించలేదు, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఊరికొకరుంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకేమీ కాకపోవచ్చు. కానీ అడుగున కాంక్రీటు వేయకుండా సిమెంటు వరలు దించిన గుంతనే సెప్టిక్ ట్యాంకు అని పిలుస్తున్నారా, లేక ట్యాంకు పైపును నేరుగా వీధి కాలువలోకి వదిలారా అని చూడాలి. మొదటి దాంట్లో మురుగు భూమిలోకి, అక్కడినుంచి పక్కింటి బోరులోకి పోతుంది. రెండో దాంట్లో మడ్డి కొద్దికొద్దిగా ఊరి మీదికి పోతుంది. ట్యాంకు దాటిన నీరు తేటగా కనిపించినా రోగక్రిములు అందులోనే ఉంటాయి. మన ఎండలకు కుళ్లడం యూరప్ కంటే వేగంగా జరుగుతుందన్న వాదనలో నిజముంది, దానివల్ల గడువు ఒకటి రెండేళ్లు పెరగవచ్చు. ఇసుకా వెంట్రుకలూ మాత్రం ఏ ఎండకూ కరగవు. ఖాళీ చేయిస్తే మంచి సూక్ష్మజీవులు పోతాయని భయపడనక్కర్లేదు. ప్రతి ఫ్లష్‌తోనూ అవి మళ్లీ వచ్చి చేరతాయి. అదే కారణంగా పొట్లాల్లో అమ్మే బాక్టీరియా పొడి కూడా అక్కర్లేదు, మడ్డి తీయించే పనికి అది ప్రత్యామ్నాయం కాదు. ఆ సూక్ష్మజీవులకు నిజంగా కీడు చేసేది కమోడులో సీసాలకు సీసాలు ఒంపే యాసిడ్, బ్లీచింగు. వంటనూనె, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు వేస్తే తెట్టూ మడ్డీ గడువుకు ముందే పెరుగుతాయి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. తీసిన మడ్డిని లారీ ఏం చేస్తుంది? ఊరి చివర చెరువులోనో పొలం గట్టునో కుమ్మరిస్తే, ఇంట్లో కష్టపడి దాచిన రోగాన్ని తీసుకెళ్లి మరో చోట పంచినట్టే. ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు తీయించడం మానడం కాదు, మడ్డికి చోటు అడగడం. ఈ ప్రశ్నను మన వరంగల్ ముందే పట్టించుకుంది. 2014లో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తోడ్పాటుతో మల వ్యర్థాల నిర్వహణకు నగరపాలక సంస్థ నిబంధనలు తెచ్చింది, తర్వాత శుద్ధి కేంద్రం కట్టింది. బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో 2015లో అలాంటి కేంద్రం మొదలైంది. 2017లో జాతీయ విధానం వచ్చింది. భూగర్భ డ్రైనేజీ వస్తే ఈ బాధ ఉండదనేవాళ్లు 2011 జనాభా లెక్కలు చూడాలి. పట్టణాల్లో డ్రైనేజీ పైపుకు కలిసిన ఇళ్లు 32.7 శాతం, సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్లు 38.2 శాతం. కోట్ల కుటుంబాల ఇంటి వెనక ఉన్న యంత్రాన్ని తాత్కాలికమని ఎలా అంటాం?

గడువు ప్రకారం తీయించాలనడానికి అన్నిటికంటే బరువైన కారణం మనిషి ప్రాణం. పొంగిపొర్లాక అర్ధరాత్రి వెతికితే దొరికేది యంత్రం కాదు, బకెట్టూ తాడూ పట్టుకున్న పేద కూలీ. గట్టిపడిన మడ్డిని కదిపితే అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడు ఒక్కసారిగా వెలువడుతుంది. అది గాలి కంటే బరువు. దాని మోసం ఏమిటంటే, మోతాదు పెరిగితే ముక్కు వాసన పసిగట్టడం మానేస్తుంది, ప్రమాదం పోయిందనిపిస్తుంది. దిగినవాడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ఇలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. తాపీగా పగటిపూట పిలిచినప్పుడే పైపు వేసి లాగే లారీ వస్తుంది. మనిషి దిగాల్సిన అవసరం పుట్టేది చాలావరకు మనం ఆలస్యం చేసినందుకే.

మూత ఎక్కడుందో ఈ వారమే వెతికి, దాని మీద బండలు ఉంటే తీయించండి. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి, మూత మీదికి వంగకుండా, దగ్గర్లో నిప్పు లేకుండా అడుగుదాకా దించి తీస్తే మడ్డి ఎంత ఎత్తుందో గుడ్డ మీది నల్ల చారే చెబుతుంది. మూడో వంతుకు దగ్గరైతే లారీని పిలవండి, మడ్డి ఎక్కడికి తీసుకెళ్తారో అడగండి, ఎవరినీ లోపలికి దిగనివ్వకండి. ఖాళీ చేయించిన నెల, సంవత్సరం ఆ మూత పక్క గోడ మీద పెయింటుతో రాసి పెట్టండి.